పంగిడి నల్లరాయి, అంగారకుడి కొండ

ఏలూరు నుంచి రాజమండ్రి వైపు బయల్దేరితే గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడిచేతి దారి తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా డెల్టాలోంచి పోతుంది. వరిచేలు, కాలవలు, చేపల చెరువులు, ఆ చెరువుగట్ల మీద కొబ్బరిచెట్లు. ఎడమచేతి దారి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా మెట్టకెక్కి కొవ్వూరులో దిగుతుంది. అటు ఎర్రనేల, పామాయిల్ తోటలు, జీడిమామిడి, పొగాకు. ఆ మెట్టదారిలో ఎదురొచ్చే టిప్పర్లలో చాలావాటి మీద ఉండే సరుకు ఒక్కటే, నల్లకంకర.

డెల్టాలో రాయి పుట్టదు. కొల్లేరు పక్కన ఎక్కడ తవ్వినా బంకమట్టి, దాని కింద ఇసుక, మళ్లీ బంకమట్టి. తాడేపల్లిగూడెం దాటి మెట్ట వైపు వెళితే ఎర్రగ్రావెల్ దొరుకుతుంది గానీ, శ్లాబుకీ రోడ్డు మెటల్‌కీ అది పనికిరాదు. అందుకే ఇంటి శ్లాబుకి 20 ఎం.ఎం. చిప్స్ కావాలన్నా, రోడ్డు కింద పరవడానికి 40 ఎం.ఎం. మెటల్ కావాలన్నా ఇటువాళ్లు చూసేది పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల వైపే. గౌరీపట్నం అనగానే భక్తులకు నిర్మలగిరి మేరీమాత గుర్తుకొస్తుంది, మేస్త్రీలకు క్రషర్లు గుర్తుకొస్తాయి.

ఆ రాయి ఒకప్పుడు కారిన లావా. అయితే ఇక్కడ ఏ అగ్నిపర్వతమూ లేదు, ఉన్న ఆనవాలూ లేదు. అది పడమటి కనుమల నుంచి వచ్చింది. ఇప్పటికి దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట మహాబలేశ్వరం ప్రాంతంలో నేల పగుళ్లు విచ్చుకుని లావా పొంగింది. ఆ పొంగులో కొన్ని ప్రవాహాలు అప్పటి నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు తూర్పుకి నడిచి, రాజమండ్రి దగ్గర అప్పటి సముద్రపు అంచుకి చేరాయి. స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు రెండుచోట్ల రాళ్ల రసాయన గుణాలనూ, వాటిలో ముద్రపడిన అయస్కాంత దిశనూ పోల్చి 2008లో ఓ పత్రం రాశారు. ఇక్కడి కింది పొరకు అంబెనలి రాయితో, పైపొరకు మహాబలేశ్వరం రాయితో పోలిక కుదిరింది. భూమ్మీద ఇంతకన్నా దూరం నడిచిన లావా ప్రవాహం ఇంకోటి తెలియదు. పడమర పుట్టి తూర్పున సముద్రంలో కలిసే అలవాటు ఈ నేలకి గోదావరి కంటే ముందునుంచే ఉందన్నమాట.

క్వారీ గోడ ముందు నిలబడితే కథంతా నిలువునా కనిపిస్తుంది. అడుగున నల్లటి రాయి. దాని పైభాగంలో చిన్నచిన్న బెజ్జాలు. లావా చల్లబడేటప్పుడు లోపలి వాయువులు బుడగలై పైకొచ్చి అక్కడే చిక్కుకుపోయిన గుర్తులవి. కొన్ని బెజ్జాల్లో తెల్లటి స్ఫటికాలు పేరుకుని ఉంటాయి. ఆ పొరమీద లేత బూడిదరంగులో, అక్కడక్కడ పచ్చగా, సున్నపురాయి, బంకమట్టి కలిసిన పలచని పట్టీ. దానిమీద మళ్లీ నల్లరాయి, ఇంకో ప్రవాహం. అన్నిటికీ పైన ఎర్రటి రాజమండ్రి ఇసుకరాయి. క్రషర్ యజమానికి ఆ లేతరంగు పట్టీ దండగ. దాన్ని పక్కకు తోసేసి నల్లరాయినే తీసుకుంటారు.

భూవిజ్ఞానులకు మాత్రం ఆ దండగ పట్టీయే బంగారం. మొదటి లావా ఆగాక, రెండోది రాకముందు ఇక్కడ సముద్రపు పాయ నిలిచి ఉండేది. అందులో బతికిన సూక్ష్మజీవుల గవ్వలు ఆ సున్నపురాయిలో ఉన్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం మన శాస్త్రవేత్తలతో కలిసి ఆ గవ్వలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించింది. అవి డైనోసార్లు అంతరించిన వెంటనే, సముద్రంలో జీవం మళ్లీ తలెత్తుతున్న కాలానివని తేలింది. కింది లావా ఆ వినాశపు గడియకు దగ్గర్లో ఆగిందనీ, డైనోసార్ల చావులో ఈ దక్కను లావాకి పెద్ద వాటా ఉందనీ కెల్లర్ వాదన. మెక్సికోలో పడ్డ గ్రహశకలమే అసలు కారణమనే వాళ్లు ఎక్కువ. ఆ తగువు ఇంకా తెమల్లేదు. తగువు తీర్చే సాక్ష్యాల్లో ఒకటి మాత్రం గౌరీపట్నం క్వారీ గోడలో ఉంది.

అగ్నిపర్వతం చంపుతుంది, నిజమే. కానీ అగ్నిపర్వతమే లేని గ్రహం ఇంకా త్వరగా చస్తుంది. ఆ సంగతి అర్థం కావాలంటే పంగిడి రాయిని కన్న కొలిమి ఇప్పుడెక్కడుందో చూడాలి.

అది హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉందని భూవిజ్ఞానులు చాలామంది అంటారు. అక్కడి పీటన్ డి లా ఫోర్నేజ్ అగ్నిపర్వతం ఇప్పటికీ తరచూ లావా కక్కుతూనే ఉంటుంది. కొలిమి దాదాపు ఉన్నచోటే ఉంది, కదిలింది మనం. ఆ రోజుల్లో భారతదేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న పెద్ద దీవి. కొలిమి మీదుగా జారుతూ ఏడాదికి 15 సెంటీమీటర్ల పైచిలుకు వేగంతో ఉత్తరానికి పోయింది. పోయిన దారంతా సముద్రంలో మచ్చలు మిగిలాయి: లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్, చివరికి మారిషస్. ఆ తర్వాత ఆసియాను గుద్దుకుని హిమాలయాలను లేపాక మన వేగం ఏడాదికి 5 సెంటీమీటర్లకు పడిపోయింది. అలా చూసినా, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి ఇప్పటికి, ఆనకట్ట, గోదావరి, కొల్లేరు, ఏలూరు పెద్ద వంతెనతో సహా మనమంతా ఎనిమిది మీటర్లకు పైగా ఈశాన్యానికి జరిగాం.

జరగకపోతే ఏమయ్యేదో చూపడానికి ఆకాశంలో ఓ ఉదాహరణ ఉంది. అంగారకుడి మీద ఒలింపస్ మాన్స్ అనే అగ్నిపర్వతం ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. అడుగున వెడల్పు 600 కిలోమీటర్లు, ఏలూరు నుంచి బెంగళూరు దాకా తిన్నగా గీత గీసినా ఇంకా మిగులుతుంది. దాని దగ్గర్లోనే మరో మూడు మహాపర్వతాలున్నాయి. వాటిలో ఒకటైన అర్సియా మాన్స్‌ను మన మంగళయాన్ ఫొటో తీసి పంపింది. అక్కడ నేల కదలదు. కొలిమి పైన ఉన్న చోటే కోట్ల ఏళ్లపాటు ఉండిపోయింది. లావా మీద లావా పడి కొండ అలా పెరుగుతూ పోయింది. సరస్సు హద్దు ఐదో కాంటూరా, మూడో కాంటూరా అని అడుగుల లెక్కన దశాబ్దాలుగా తగువులాడుకుంటున్న కొల్లేరు జనానికి 22 కిలోమీటర్ల ఎత్తు ఊహకందదు.

అక్కడ నేల ఎందుకు కదలదు? మొదటి జవాబు, అంగారకుడు చిన్నవాడు కాబట్టి.

గ్రహం లోపలి వేడి రెండు దారుల్లో వచ్చింది. పుట్టినప్పుడు రాళ్లూ రప్పలూ గుద్దుకుని కలిసిన వేడి ఒకటి. యురేనియం, థోరియం, పొటాషియం లాంటివి మెల్లగా క్షీణిస్తూ ఇచ్చే వేడి రెండోది. ఈ వేడంతా లోపలి ఘనపరిమాణంలో ఉంటుంది, బయటికి పోయేది ఉపరితలం గుండా. వ్యాసార్ధం సగమైతే ఉపరితలం నాలుగో వంతుకి తగ్గుతుంది గానీ ఘనపరిమాణం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే ఉన్న వేడికి పోయే దారి రెండింతలు. పెళ్లి పందిట్లో గుండిగలో వండిన అన్నం మూడో పంక్తికీ పొగలు కక్కుతుంది, అదే అన్నం గిన్నెలోకి తీసిపెడితే మొదటి పంక్తి లేవకముందే చల్లారిపోతుంది. అంగారకుడి వ్యాసార్ధం 3,390 కిలోమీటర్లు, భూమిది 6,371. ఘనపరిమాణంలో అంగారకుడు భూమిలో 15 శాతమే. చంద్రుడు ఇంకా చిన్నవాడు, 1,737 కిలోమీటర్లు. మనకు కుందేలులా కనిపించే ఆ నల్లమచ్చలు కూడా పంగిడి రాయి జాతివే, బసాల్ట్. వాటిలో ఎక్కువభాగం 300 కోట్ల ఏళ్లకు ముందే కారి చల్లబడ్డాయి.

చల్లబడిన గ్రహంలో పైపెంకు మందమవుతుంది. మందమైన పెంకు ముక్కలుగా, అంటే పలకలుగా, విరగదు, విరిగినా కిందికి దిగదు. అంగారకుడి పెంకు మొత్తం ఒకే మూతలా బిగుసుకుపోయింది. లోపలి ఇనుపగుండెలో కదలిక మందగించి, 400 కోట్ల ఏళ్ల నాటికే అయస్కాంత కవచం పోయింది. గురుత్వం తక్కువ, కవచం లేదు. సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి వాతావరణాన్ని కొద్దికొద్దిగా ఊడ్చేసింది. ఇప్పుడక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో ఒక శాతం కూడా లేదు. పూర్తిగా చచ్చిపోయిందా అంటే అదీ కాదు. 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ నౌక నాలుగేళ్లలో 1,300కు పైగా ప్రకంపనలు నమోదు చేసింది. ముసలి ఇల్లు రాత్రిళ్లు కిర్రుమన్నా, అందులో కాపురం లేదు.

ఇక్కడిదాకా లెక్క నున్నగా ఉంది: పెద్ద గ్రహానికి వేడి ఎక్కువ, కదలిక ఎక్కువ, బతుకు ఎక్కువ. నున్నగా ఉన్న లెక్కను నమ్మకూడదని శుక్రుడు చెబుతాడు.

శుక్రుడి వ్యాసార్ధం 6,052 కిలోమీటర్లు, దాదాపు భూమంత. లోపల వేడికి కొదవలేదు. 1991లో మాగెల్లాన్ నౌక రాడార్‌తో తీసిన చిత్రాలను దశాబ్దాల తర్వాత మళ్లీ తిరగేసి, మాట్ మాన్స్ అనే అగ్నిపర్వతం ముఖద్వారం నెలల వ్యవధిలోనే ఆకారం మారిందని 2023లో బయటపెట్టారు. అంటే అక్కడ అగ్నిపర్వతాలు ఇంకా పనిచేస్తున్నాయి. అయినా భూమ్మీదలాంటి పలకల కదలిక జాడ లేదు. పరిమాణం సరిపోయింది, నీళ్లు సరిపోలేదు. సముద్రపు నీరు రాతిలోకి ఇంకితే రాయి బలం తగ్గుతుంది, మెత్తబడుతుంది, పలక అంచు వంగి లోపలికి దిగడానికి వీలవుతుంది. నీళ్లు ఆవిరైపోయిన శుక్రుడి మీద ఎండిన పెంకు బిర్రబిగిసింది. అగ్నిపర్వతాలు కక్కిన కార్బన్ డయాక్సైడ్ తిరిగి లోపలికి పోయే దారి లేక ఆకాశంలోనే పేరుకుపోయింది. ఇప్పుడక్కడ గాలి ఒత్తిడి మనకు 90 రెట్లకు పైన, వేడి 460 డిగ్రీల పైన.

ఆ దారి భూమ్మీద ఎలా ఉందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు, ఏలూరు కాలవ గట్టు చాలు. గోదావరి పరీవాహకంలో దాదాపు సగం దక్కను నల్లరాతి నేల. వాన పడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. అది బసాల్ట్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన కాల్షియం, దానితోపాటు వచ్చిన బైకార్బనేట్ నదిలో కలుస్తాయి. విజ్జేశ్వరం దగ్గర తూము దాటి కాలవలో పడి, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే నీటిలో నాసిక్ నుంచి కొట్టుకొచ్చిన ఆ కరుగు ఉంటుంది. ఏలూరులో దానికి అటునుంచి వచ్చే కృష్ణ కాలవ కలుస్తుంది. చివరికి నీళ్లన్నీ సముద్రం చేరాక జీవులు ఆ కాల్షియంతో గవ్వలు కట్టుకుంటాయి. గవ్వలు అడుగుకి చేరి సున్నపురాయి అవుతాయి. కోట్ల ఏళ్ల తర్వాత ఆ సముద్రపు అడుగు ఏదో ఓ పలక అంచున లోపలికి దిగి, కరిగి, అగ్నిపర్వతం నోట మళ్లీ కార్బన్ డయాక్సైడ్‌గా బయటికొస్తుంది.

ఎండలు పెరిగితే వానలు పెరుగుతాయి, రాయి త్వరగా కరుగుతుంది, గాలిలో ఆ వాయువు తగ్గుతుంది, భూమి చల్లబడుతుంది. మరీ చల్లబడితే ఈ పని మందగిస్తుంది, అగ్నిపర్వతాలు కక్కేది పేరుకుని మళ్లీ వేడెక్కుతుంది. వాకర్, హేస్, కాస్టింగ్ అనే ముగ్గురు 1981లో దీన్ని లెక్కలతో చూపించారు. అంటే నేల కదలడం, కొండ పేలడం, వాన కురవడం, గవ్వ పెరగడం ఒకే గొలుసు. నివాసయోగ్యత అని పుస్తకాల్లో రాసేదానికి వెన్నెముక ఈ గొలుసే. ఒక్క హెచ్చరిక: ఇది సర్దుకోవడానికి లక్షల ఏళ్లు పడుతుంది. మన బొగ్గు పొగను గోదావరి కడిగేస్తుందిలే అని ఎవరూ ధీమా పడక్కర్లేదు.

కొల్లేరు కూడా ఆ కదలిక కన్న బిడ్డే. దాదాపు 13 కోట్ల ఏళ్ల కిందట మన తూర్పుతీరం అంటార్కిటికా నుంచి విడిపోయింది. విడిపోయేటప్పుడు అంచు నేల మెట్లుమెట్లుగా విరిగింది. కొన్ని ముక్కలు కుంగాయి, కొన్ని నిలబడ్డాయి. ఓ.ఎన్.జి.సి. పటాల్లో గుడివాడ, బంటుమిల్లి పేర్లు కుంగిన ముక్కలవి. కైకలూరు, తణుకు పేర్లు మట్టికింద దాగిన గట్లవి. కైకలూరులో నిలబడి చూస్తే కనుచూపు మేర తాటిచెట్టుకు మించిన ఎత్తు ఉండదు, కాళ్లకింద మాత్రం పూడిపోయిన కొండవరస ఉంది. ఆ పల్లాల్లో నదులు నింపిన మట్టి కిలోమీటర్ల మందం. లింగాల, నరసాపురం వైపు తవ్విన గ్యాస్ అంతా ఆ పొరల్లో ఊరినదే. నరసాపురం దగ్గర బావులు లోతుకు దించితే పంగిడి లావాయే మళ్లీ తగిలింది.

ఈ చీలిక తాలూకు పాత ఆనవాళ్లు మెట్టలో పైకే కనిపిస్తాయి. చింతలపూడి వైపున్న రాఘవాపురం పేరుతో భూవిజ్ఞానంలో ఒక షేల్ పొర ఉంది. అందులో సముద్రజీవుల శిలాజాలు దొరికాయి, అంటే చీలిన సందులోకి సముద్రం అప్పుడే జొరబడింది. భూవిజ్ఞాన విద్యార్థులు చదివే తిరుపతి ఇసుకరాయి కూడా పెద్ద తిరుపతిది కాదు, చిన్న తిరుపతిది. మన ద్వారకా తిరుమల కొండే అది. గుంటుపల్లిలో బౌద్ధ భిక్షువులు గుహలు తొలుచుకున్నదీ ఇలాంటి పాత ఇసుకరాతిలోనే.

పాత గాయాలు అప్పుడప్పుడు సలుపుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3తో వచ్చినదానికి విజయవాడ దాకా జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. రెండూ గోదావరి లోయ వెంబడి ఉన్న పాత చీలికలోవే.

మరి భూమికన్నా పెద్ద గ్రహాల మాటేమిటి? వేరే నక్షత్రాల చుట్టూ భూమికి రెండింతలు, ఐదింతలు, పదింతలు బరువున్న రాతిగ్రహాలు దొరుకుతున్నాయి. వాటిని సూపర్ ఎర్త్‌లు అంటున్నారు. 2007లో డయానా వాలెన్సియా బృందం, ఇలాంటి గ్రహాల్లో పలకల కదలిక తప్పనిసరి అని రాసింది. గ్రహం పెద్దదైనకొద్దీ లోపలి పొంగు ఉధృతమై పెంకు పలచబడి విరుగుతుందని వాళ్ల లెక్క. అదే ఏడాది క్రెయిగ్ ఓనీల్, ఆడ్రియన్ లెనార్డిక్ అందుకు పూర్తిగా ఎదురు రాశారు. గురుత్వం పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది, పగుళ్లు బిగుసుకుంటాయి, పెంకు కదలకుండా ఒకే మూతగా ఉండిపోతుందన్నారు. ఇప్పటికీ ఎవరూ గెలవలేదు, ఎందుకంటే ఏ సూపర్ ఎర్త్ మీదా పలక కదిలిందో లేదో మనకు కనిపించదు.

శుక్రుడి గతి చూశాక, ఈ పోటీలో కొలత ఒక్కటే గెలిపిస్తుందంటే నాకు నమ్మకం కుదరదు. చిన్నదైతే ఓడిపోవడం ఖాయం, ఆ మాటకి అంగారకుడే సాక్షి. తగినంత పెద్దదైతే ఆటలో చోటు దొరుకుతుంది, అంతే. తర్వాత నీళ్లుండాలి, ఉండి నిలవాలి. కొలతతో పనిలేకుండా మండేవీ ఉన్నాయి. బృహస్పతి చంద్రుడు అయో మన చంద్రుడంతే ఉంటాడు గానీ 400కు పైగా అగ్నిపర్వతాలతో ఉడుకుతున్నాడు. బృహస్పతి లాగుడుకి నలిగి పుట్టిన వేడి అది. అక్కడ నీళ్లూ లేవు, బతుకూ లేదు.

నిలిచే నీళ్ల సంగతి కొల్లేటి జనానికి చెప్పాలా? బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు ఒక్కటీ తీసుకుపోతుంది. ఆటపాక చెరువులో గూడబాతులు గూళ్లు పెడతాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, ఆ తర్వాత గట్లు మళ్లీ లేచాయి. రెండు డెల్టాల నడుమ పల్లం పుట్టడానికి కోట్ల ఏళ్లు పట్టింది, దాన్ని పూడ్చడానికి మనకు రెండు తరాలు చాలేట్టుంది.

పంగిడి గోడలదీ అదే తొందర. ఏ క్వారీలో రాయి బాగుంటే ఆ గోడ ముందు పోతుంది. లావాకీ లావాకీ మధ్యనున్న ఆ లేతరంగు పట్టీ కూడా దానితోనే చెత్తలో కలిసిపోతుంది. మంగంపేట బైరైటీస్‌నూ, తిరుమల శిలాతోరణాన్నీ, విశాఖ ఎర్రమట్టి దిబ్బలనూ జాతీయ భూవారసత్వ స్థలాలుగా గుర్తించింది భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ. పంగిడి, గౌరీపట్నంలలో పని ఆగిపోయిన క్వారీలున్నాయి. వాటిలో రెండు పొరలూ, నడిమి పట్టీ తేటగా కనిపించే గోడ ఒక్కటి ఎంచి, కంచె వేసి, బోర్డు పెట్టి కాపాడమని జిల్లా కలెక్టరుకూ, ఆ సంస్థకూ మనవి. తాడేపల్లిగూడెం నిట్ నుంచి, ఏలూరు కాలేజీల నుంచి పిల్లలను ఓ బస్సులో ఎక్కిస్తే పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగి రావచ్చు.